నూనె మాన్పించినవారు, నూనె తాగించినవారు

ఒళ్ళు తగ్గించుకోవాలనుకున్న తెలుగువాళ్ళు ఈ పాతికేళ్ళలో గట్టిగా నమ్మిన దారులు రెండు. ఒకటి మంతెన సత్యనారాయణరాజు గారి ప్రకృతి ఆహారం, రెండోది వీరమాచనేని రామకృష్ణ గారి డైట్. మొదటాయన వంటింట్లోంచి ఉప్పు డబ్బాని, నూనె సీసాని బయట పెట్టించారు. రెండో ఆయన అన్నం గిన్నెని బయట పెట్టించి, కొబ్బరినూనెను కొలిచి తాగించారు. ఇంత ఎదురెదురు మాటలు చెప్పిన ఇద్దరి సభలకూ జనం పోటెత్తారు. ఇద్దరి దగ్గరా తగ్గినవాళ్ళున్నారు, తగ్గి మళ్ళీ మొదటికొచ్చినవాళ్ళూ ఉన్నారు. కనుక ఏది గొప్ప శాస్త్రం అన్న వాదన కాసేపు పక్కన పెడదాం. మొదలుపెట్టిన మనిషిని ఏది ఎక్కువకాలం దారిలో నిలబెడుతుందన్నదే ఇక్కడ కొలబద్ద.

ముందు పద్ధతులేమిటో చూద్దాం. మంతెన గారిది చేర్చుకుంటూ పోయే పద్ధతి. పొద్దున లేస్తూనే లీటరుంబావు నీళ్ళు, తర్వాత కూరగాయల రసం, మొలకలు, మధ్యాహ్నం పుల్కాలూ వాటికి మించి కూర, పొద్దు గూకకముందే రాత్రి భోజనం, అదీ వీలైతే పళ్ళతో. దీనికి తోడు ఆసనాలు, ప్రాణాయామం. అంటే రోజంతటికీ ఒక దినచర్య. విజయవాడ దగ్గర కృష్ణ ఒడ్డున ఉన్న ఆయన ఆరోగ్యాలయానికి వెళ్ళేవాళ్ళు నేర్చుకొచ్చేది కూడా ముఖ్యంగా ఆ దినచర్యనే. వీరమాచనేని గారిది తీసేసే పద్ధతి. అన్నం, చపాతీ, ఇడ్లీ, పంచదార, పళ్ళు అన్నీ బంద్. రోజుకు 70 నుంచి 100 గ్రాముల కొవ్వు, మూడు నిమ్మకాయలు, నాలుగు లీటర్ల నీళ్ళు, మల్టీవిటమిన్ మాత్ర. వేళ్ళమీద లెక్కపెట్టుకోవచ్చు. 2018 నాటికి ఊరూరా ఈ నాలుగూ అప్పజెప్పగలిగినవాళ్ళు తయారయ్యారంటే ఆ క్లుప్తతే కారణం.

మొదటి వారం వరకూ వీరమాచనేని డైట్‌దే పైచేయి. పిండిపదార్థం ఆపగానే కాలేయంలో, కండరాల్లో దాచుకున్న గ్లైకోజెన్ ఖర్చవుతుంది. గ్రాము గ్లైకోజెన్ దాదాపు మూడు గ్రాముల నీటిని పట్టుకుని ఉంటుంది కాబట్టి అది కరిగితే ఆ నీరూ పోతుంది. తూకం యంత్రం ముల్లు కిందికి దిగుతుంది, మనిషికి ఉత్సాహం ఎక్కుతుంది. అందులో కొవ్వు వాటా కొంచెమే. అయినా ఆ ఉత్సాహాన్ని తీసిపారేయలేం, రెండోవారంలోకి నడిపించేది అదే. మంతెన పద్ధతిలో మొదటివారం నాలుక మీద యుద్ధం. ఉప్పులేని బీరకాయ కూరలో ఎంత నువ్వులపొడి కలిపినా, ఎంత నిమ్మకాయ పిండినా, మీగడతో తాలింపు పెట్టినా నోటికి అది కూరగా తోచదు. కొన్ని వారాలు ఓపిక పడితే నాలుక దారికొస్తుంది. చాలామంది ఆ వారాల మధ్యలోనే ఆవకాయ జాడీ మూత తీస్తారు.

బయటి తిండి దగ్గర తేడా ఇంకా బాగా కనిపిస్తుంది. పెళ్ళి విందుకు వెళ్ళారనుకోండి. కొవ్వు డైట్‌లో ఉన్నాయన బిరియానీ గిన్నె దాటేసి, కోడి వేపుడు నాలుగు ముక్కలు, గుడ్డు, ఇంత నెయ్యి వేయించుకుని పక్కకు వస్తాడు. ఆకలి తీరింది, నియమం చెడలేదు. ప్రకృతి ఆహారం తినే ఆవిడకు ఆ బల్లల వరసలో ఉప్పు పడని పదార్థం ఒక్కటీ ఉండదు. చివర కోసి పెట్టిన పుచ్చకాయ ముక్కలే దిక్కు. పైగా “మా ఇంటికొచ్చి ఏమీ తినకపోతే ఎలా వదినా, ఒక్క బూరె వేసుకో” అని పెళ్ళివారు చేయి పట్టుకుంటారు. ఆవిడ వేసుకుంటుంది.

కానీ మర్నాడు తెల్లవారేసరికి లెక్క తిరగబడుతుంది. బూరె తిన్న ఆవిడ పొద్దున్నే మళ్ళీ నీళ్ళు తాగి, మొలకలు తిని రోజు మొదలుపెట్టొచ్చు. ఆవిడ పోగొట్టుకున్నది ఒక పూట మాత్రమే. ఆ బూరె కొవ్వు డైట్‌లో ఉన్నాయన తిని ఉంటే మాత్రం కీటోసిస్ నుంచి, అంటే పిండిపదార్థానికి బదులు శరీరం కొవ్వును కరిగించి నడిచే స్థితి నుంచి, బయటపడతాడు. మళ్ళీ ఆ స్థితికి చేరడానికి రోజులు పడుతుంది. ఈలోగా పోయిన నీరు తిరిగొచ్చి తూకంలో ఒకటి రెండు కిలోలు కనిపిస్తాయి. “ఎలాగూ చెడింది, పండగ వెళ్ళాక మళ్ళీ మొదలెడదాం” అన్న మాట పుట్టేది ఇక్కడే. సంక్రాంతి తర్వాత ఉగాది, ఉగాది తర్వాత మామిడిపళ్ళు. తప్పనంతవరకే పనికొచ్చే నియమం అది.

ఇద్దరి మాటతీరూ వేరే. మంతెన గారు టీవీలో నెమ్మదిగా, పురాణం చెప్పినట్టు చెబుతారు. వీరమాచనేని గారు వేదిక మీద సూటిగా, సవాలు విసిరినట్టు మాట్లాడతారు. వినేవాళ్ళ మనసులో మాత్రం రెండూ చివరికి ఒకే రూపం తీసుకున్నాయి. మనవాళ్ళు డైట్‌ని అయ్యప్ప దీక్షలా పట్టారు. దీక్షలో కఠినంగా ఉండగలగడం మనకు కొత్త కాదు. నలభై ఒక్కరోజులు చన్నీళ్ళ స్నానం, నేలమీద పడక అంటే నిష్ఠగా చేసేవాళ్ళు ప్రతి వీధిలోనూ ఉన్నారు. అయితే దీక్షకు మాల తీసే రోజు ఉంది. బరువుకు ఆ రోజు లేదు. అనుకున్న కిలోలు తగ్గాక ఏం తినాలన్నది శ్రోతలు చెవిన పెట్టని అధ్యాయం.

వ్యాయామం విషయంలో మంతెన గారిదే పైచేయి. ఆయన దినచర్యలో శరీరం కదలడం ఒక భాగం. రెండో పద్ధతిలో బరువు దించే భారమంతా ఆహారం మీదే. తగ్గిన బరువు నిలబడాలంటే నడక కావాలి. అమెరికాలో 1994లో మొదలైన జాతీయ బరువు నియంత్రణ రిజిస్ట్రీలో పేర్లున్నవాళ్ళు బాగా తగ్గి, తగ్గినది ఏడాదికి మించి నిలుపుకున్నవాళ్ళు. వారిలో అత్యధికులు సగటున రోజుకు గంటదాకా వ్యాయామం చేసేవారే. మన దగ్గరా నడక నిలిచేది తోడున్నచోటే. హైదరాబాద్ కేబీఆర్ పార్కులోనూ విశాఖ బీచ్ రోడ్డు మీదా పొద్దున్నే కనిపించే జట్లలో, ఒకరోజు రాకపోతే “ఏం బావగారూ, నిన్న కనపళ్ళేదు” అని అడిగేవాడుంటాడు. ఆ ప్రశ్న అలారం కన్నా గట్టిది. అదే జట్టు నడక అయ్యాక టిఫిన్ బండి దగ్గర ఆగి ఉప్మా పెసరట్టు తింటే ఆ పొద్దున ఖర్చయిన కేలరీలు అక్కడే భర్తీ అవుతాయి, అది వేరే సంగతి.

ఇద్దరిలోనూ ఉన్న లోపం ఒకటుంది. వేదిక మీంచి అందరికీ ఒకే కొలత చెప్పడం. నాలుగైదు లీటర్ల నీళ్ళు కిడ్నీ జబ్బున్నవారికీ గుండె బలహీనంగా ఉన్నవారికీ ముప్పు తేవచ్చు. ఇన్సులిన్ వాడేవారు అన్నం ఒక్కసారిగా మానేస్తే మందు మోతాదు అదేరోజు మారాలి, లేకపోతే షుగరు పడిపోతుంది. ఆ మాట చెప్పాల్సింది ఎదురుగా కూర్చుని నాడి చూసే డాక్టరు.

మరి గెలుపెవరిది? ఇలాంటి పోటీ అమెరికాలో జరిగింది. కొవ్వును పెంచిన అట్కిన్స్ డైట్ మన వీరమాచనేని దారికి దగ్గర, కొవ్వును దాదాపు తుడిచేసిన ఆర్నిష్ డైట్ మంతెన దారికి దగ్గర. 2005లో వెలువడిన బోస్టన్ పరిశోధనలో ఈ రెంటితోపాటు మరో రెండు డైట్లను 160 మందికి పంచి ఏడాది చూశారు. అట్కిన్స్‌లో చివరిదాకా ఉన్నది 53 శాతం, ఆర్నిష్‌లో 50 శాతం. ఏ డైట్ అన్నదాన్నిబట్టి కాక, ఎంత నిక్కచ్చిగా పాటించారన్నదాన్నిబట్టి బరువు తగ్గింది. 2018లో స్టాన్‌ఫర్డ్ వాళ్ళు 609 మందితో చేసిన పరీక్షలో ఏడాదికి తక్కువ కొవ్వువాళ్ళు 5.3 కిలోలు, తక్కువ పిండిపదార్థంవాళ్ళు 6 కిలోలు తగ్గారు. ఆ తేడా లెక్కలోకి వచ్చేది కాదు.

కాబట్టి నా తీర్పు ఇది. మొదలుపెట్టించడంలో వీరమాచనేని గారు సమర్థులు, తప్పినవాణ్ణి వెనక్కి రానివ్వడంలో మంతెన గారి దినచర్య ఉదారం. ఏళ్ళ తరబడి సాగాల్సిన పనికి రెండో గుణమే ముఖ్యం. అయితే ఆ దినచర్య కూడా కూరలో చిటికెడు ఉప్పు పడనిస్తే, ఇల్లాలు ఒకే పొయ్యి మీద రెండు వంటలు చేయక్కర్లేకుండా ఇంటిల్లిపాదీ అదే తినగలిగితేనే సాగుతుంది. ఏ డైట్ గురువు దగ్గరికి వెళ్ళినా ఎన్ని రోజుల్లో ఎన్ని కిలోలని అడగడం మాని, తప్పిన మర్నాడు ఏం చేయాలో అడగండి. దానికి సూటిగా జవాబు రాకపోతే ఆ డైట్ వచ్చే పండగదాకానే.