‘ది డార్జీలింగ్ లిమిటెడ్’: శోకానికి ఆశ్రయమెవరు?

వెస్ ఆండర్సన్ దర్శకత్వంలో 2007లో వెలువడిన ‘ది డార్జీలింగ్ లిమిటెడ్’ను వర్ణవైభవానికి, కొలిచి పేర్చినట్లుండే దృశ్యరచనకు ఉదాహరణగా చూపడం పరిపాటి. తండ్రి మరణించిన ఏడాదికి ఫ్రాన్సిస్, పీటర్, జాక్ అనే ముగ్గురు అమెరికన్ సోదరులు కలిసి భారతదేశంలో సాగించే రైలు ప్రయాణం ఇందలి ఇతివృత్తం. హాస్యం ఎంత పరచుకొన్నా దీని స్థాయీభావం శోకమే కనుక, దీనిని రసపరిభాషతో పరిశీలించడం అసంగతం కాదు.

ఆలంబన విభావమైన తండ్రి తెరపై కనిపించడు. ఆ ఖాళీని ఉద్దీపన విభావాలు ఆక్రమిస్తాయి. పీటర్ ధరించే కళ్లజోడు తండ్రిది, గడ్డం గీసుకొనే కత్తి తండ్రిది, ముగ్గురూ మోసుకు తిరిగే పెట్టెలపై ఉన్న పొడి అక్షరాలూ తండ్రివే. రైలు పెట్టెనూ సామాను పెట్టెనూ తెలుగు ఒకే మాటతో పిలుస్తుంది. ఈ చిత్రంలోని ఇరుకుతనాన్ని చెప్పడానికి అంతకన్న తగిన మాట దొరకదు. దుఃఖాన్ని అనుభవించవలసినవారు దాని సామగ్రిని పంచుకొనడంలో కలహిస్తారు. ఇంతవరకు ఆండర్సన్ శైలి కథావస్తువుతో పూర్తిగా పొసగింది.

చిక్కంతా నది ఘట్టంలో ఉంది. ముగ్గురు గ్రామీణ బాలురు నీటిలో పడగా సోదరులు దూకుతారు. ఇద్దరు బతుకుతారు, పీటర్ కాపాడబోయిన బాలుడు మరణిస్తాడు. ఇక్కడ శోకానికి ఆశ్రయం ఆ బాలుని తండ్రి కావాలి. ఆ పాత్రను ఇర్ఫాన్ ఖాన్ పోషించాడు, కాని పాత్రకు పేరు లేదు; పాత్రల పట్టికలోనూ అతడు కేవలం ‘తండ్రి’. అంత్యక్రియలకు బయలుదేరిన సోదరుల మందగతి నడక నుండి కథ ఒక్కసారిగా న్యూయార్క్‌లో వారి తండ్రి అంత్యక్రియల నాటికి మళ్లుతుంది. పరాయి ఇంటి శవం వీరి జ్ఞాపకానికి ఉద్దీపనమైపోయింది. ఆశ్రయం చేతులు మారింది. కొద్ది నిమిషాలలోనే ఇర్ఫాన్ ఖాన్ కనబరచిన సాత్త్వికాభినయం ఈ మార్పిడికి లొంగకపోవడం చిత్రానికి దక్కిన అదృష్టం.

సత్యజిత్ రాయ్ చిత్రాల సంగీతాన్ని ఆండర్సన్ గౌరవభావంతోనే వాడుకొన్నాడు. ‘జల్సాఘర్’కు విలాయత్ ఖాన్ కూర్చిన బాణీ ఇందులో వినిపిస్తుంది. కాని రాయ్ ‘పథేర్ పాంచాలి’లో దుర్గ మరణం హరిహరునిదీ సర్వజయదీ అయి నిలిచింది. అక్కడ ఎవరి శోకం వారి వద్దనే ఉంది.

చివర కదులుతున్న రైలును అందుకొనడానికి సోదరులు పెట్టెలన్నిటినీ విసరివేస్తారు. వదిలినవి తమ తండ్రివి. నది ఒడ్డున తీసుకొన్నదానిని తిరిగి ఇచ్చే దృశ్యం మాత్రం చిత్రంలో లేదు.