గాలిని ఆపి మాటను పంపే మైకు స్పాంజి

మైకు స్పాంజిని పిడికిట్లో నొక్కితే నలిగి ఇంతవుతుంది, వదిలితే మళ్ళీ ఉబ్బి గుండ్రంగా నిలబడుతుంది. నల్లటి బంతి, అందులో మైకు తల దూరేంత గుంత, అంతే. తీగ లేదు, మీట లేదు, కరెంటు అక్కర్లేదు. ఇంట్లో మాట రికార్డు చేసుకునేవాళ్ళు కొనే సామానులో బాగా చవకైనవాటిలో ఇదొకటి. అయినా ఇది చేసే పని చాలా సూక్ష్మమైనది. మనం మాట్లాడినప్పుడు నోట్లోంచి రెండు బయటికొస్తాయి: శబ్దం, ఊపిరి. రెండూ ఒకే దారిన మైకు మీదికి వస్తాయి. అందులో శబ్దాన్ని పోనిచ్చి ఊపిరిని పట్టి ఆపాలి. ఆ పనిని ఇంత మెత్తటి వస్తువు ఎలా చేస్తుందో తెలిస్తే దాన్ని తయారుచేసినవాళ్ళ మీద గౌరవం కలుగుతుంది.

దీని అవసరం రాయలసీమ ఇళ్ళలో బాగా తెలుస్తుంది. కడప జిల్లా వేముల మండలంలో, పులివెందులకు దగ్గర్లో తుమ్మలపల్లె ఉంది. యురేనియం గనితో దేశానికి తెలిసిన ఊరు. అలాంటి ఊళ్ళో ఎండాకాలం నలభై డిగ్రీలు దాటిన మధ్యాహ్నం ఫ్యాను ఆపి కూర్చుని పాఠమో పద్యమో రికార్డు చేయమంటే ఎవరివల్లా కాదు. ఎండాకాలం పోయిందనుకుంటే ఆషాఢం గాలి మొదలవుతుంది. నైరుతి గాలి తన తడినంతా పడమటి కనుమల దగ్గర వదిలేసి సీమకు వచ్చేసరికి పొడిగా, బిరుసుగా ఉంటుంది. వాన తక్కువ, గాలి ఎక్కువ. సీమ గుట్టల మీద గాలిమరలు వెలిసింది ఈ గాలిని చూసే. కరెంటు పుట్టించే ఈ గాలి మైకుకు మాత్రం శత్రువు. కిటికీలోంచి ఒక్క విసురు వచ్చి తగిలితే చాలు, రికార్డింగులో మాట ఉన్నచోట గుబగుబమని మోత మిగులుతుంది.

ఈ నేలకు గొంతును దూరం పంపడం కొత్త కాదు. కడప జిల్లా సురభి గ్రామంలో 1885లో తోలుబొమ్మలాడించే కుటుంబాలవాళ్ళు బొమ్మల్ని పక్కనపెట్టి తామే వేషాలు కట్టి కీచకవధ ఆడారు. వనారస గోవిందరావు నడిపించిన ఆ సమాజమే తర్వాత సురభి నాటకాలుగా తెలుగు నేలంతా తిరిగింది. అప్పుడు మైకు లేదు. నటుడి నోటికీ ప్రేక్షకుడి చెవికీ మధ్య ఎన్నో గజాల దూరం ఉండేది. ఆ దూరంలో ఊపిరి చెదిరిపోయి శబ్దం ఒక్కటే చెవికి చేరేది. 1963లో ఆకాశవాణి కడప కేంద్రం వచ్చాక సీమ గొంతులు స్టూడియో గదిలోకి వెళ్ళాయి. గాలి చొరని గోడలు, బరువైన తలుపులు, మైకు ముందు ఎక్కడ కూర్చోవాలో చెప్పే ఇంజనీర్లు అక్కడుంటారు. ఇప్పుడు మైకు మన ఇంటికే వచ్చింది, నోటికి జానెడు దూరంలోకి వచ్చింది. స్టూడియో గోడలు మాత్రం దాంతోపాటు రాలేదు. ఊపిరి చెదిరేంత దూరమూ లేదు. ఆ రెండు లోటుల్లో ఒకదాన్ని పూడ్చేందుకు పుట్టిందే ఈ స్పాంజి.

ఊపిరైనా బయటి గాలైనా మైకుకు అంత పెద్ద ఇబ్బంది ఎందుకో లెక్క చూస్తే తెలుస్తుంది. మామూలుగా మాట్లాడే మాట జానెడు దూరంలో మైకు పొర మీద కలిగించే ఒత్తిడి ఒక పాస్కల్‌లో పదోవంతు ఉంటుంది. శబ్దం సెకనుకు 340 మీటర్ల వేగంతో పోతుంది కానీ, ఆ శబ్దాన్ని మోసే గాలి తన చోటు దాటి పోదు. సెకనుకు పావు మిల్లీమీటరు వేగంతో ముందుకీ వెనక్కీ ఊగుతుంది, అంతే. సెకనుకు 5 మీటర్ల వేగంతో వచ్చే గాలి సంగతి వేరు. గంటకు 18 కిలోమీటర్లు అంటే సీమలో అదేమంత పెద్ద గాలి కాదు. అయినా అది ఎదురుగా తగిలిన వస్తువును 15 పాస్కళ్ళ ఒత్తిడితో నెడుతుంది. మాట ఒత్తిడికి అది 150 రెట్లు. మైకు పొరకు మాటా గాలీ అనే తేడా తెలీదు. ఏది గట్టిగా నెడితే దానికే ఎక్కువ కదులుతుంది. ఆ తోపుకు మైకు తర్వాత ఉండే యాంప్లిఫయర్ తట్టుకోలేక అలల తలలు తెగిపోతాయి. అలా తెగిన మాటను ఏ సాఫ్ట్‌వేరూ మునుపటిలా అతికించలేదు. అందుకే గాలిని మైకుకు ముందే ఆపాలి.

నోటి ఊపిరి అన్ని అక్షరాలకూ ఒకేలా రాదు. పెదవులు మూసి తెరిచే పవర్గంలోనే చూడండి. తెలుగువాళ్ళం ప పలికేటప్పుడు ఊపిరి తక్కువే వదులుతాం. ఇంగ్లీషు మాట మొదట్లో వచ్చే ప లాంటి ధ్వనికి ఇంతకన్నా ఊపిరి ఎక్కువ. మన దగ్గర ఆ బలం ఫ, భ లాంటి మహాప్రాణాలకు ఉంది. అక్షరాలను అల్పప్రాణాలు, మహాప్రాణాలు అని మన వ్యాకరణం విడదీసింది ఊపిరి కొలతను బట్టే. రోజువారీ మాటల్లో మనం ఒత్తులు తేల్చి పలుకుతాం కాబట్టి మైకుకు పెద్ద బాధ ఉండదు. భీముడి పాత్ర పద్యం ఎత్తుకుంటేనో, పురాణం చదువుతుంటేనో ప్రతి భ దగ్గరా ఊపిరి తోసుకొస్తుంది. నాటక పద్యాలూ భారత భాగవతాలూ ఇంట్లో చదివి రికార్డు చేసేవాళ్ళకు స్పాంజి తప్పనిసరి అనడం అందుకే.

ఇక ఆ స్పాంజి పుట్టుక చూద్దాం. అది పాలియురేథేన్. 1937లో జర్మనీలో ఒట్టో బేయర్ అనే రసాయన శాస్త్రవేత్త, ఆయన తోటివాళ్ళు ఈ పదార్థానికి దారి తీశారు. రెండు ద్రవాలను కొద్దిగా నీళ్ళతో కలుపుతారు. నీళ్ళు అందులో ఒక ద్రవంతో కలిసి కార్బన్ డయాక్సైడ్ వాయువును పుట్టిస్తాయి. ఆ వాయువు లోపలినుంచి పొంగుతుంది, చుట్టూ ఉన్న పదార్థం పొంగుతూనే గట్టిపడుతుంది. బుడగలు ఒకదాన్నొకటి ఒత్తుకుని గుండ్రటి రూపం పోగొట్టుకుంటాయి, ఎన్నో ముఖాలున్న గళ్ళుగా మారతాయి. ఒక్కో గడికి అంచుల వెంట సన్నటి దారాల్లాంటి కమ్ములు, కమ్ముల మధ్య పలుచటి పొరలు మిగులుతాయి.

అసలు పనితనం ఆ పొరల దగ్గరే ఉంది. పొరలు అలాగే ఉంటే ఊపిరి ఆగుతుంది, మాట కూడా మందగిస్తుంది. కమ్ములు చెడకుండా పొరలు మాత్రమే పోవాలి. దానికి కర్మాగారంలో ఫోము దిమ్మెను బలమైన గదిలో పెట్టి, లోపలి గాలి తీసేసి, హైడ్రోజన్, ఆక్సిజన్ నింపి నిప్పు రాజేస్తారు. మంట ఒక్క లిప్తలో దిమ్మెలోని ప్రతి గడిలోంచీ దూసుకుపోతుంది. పలుచటి పొరలు కరిగి కమ్ములకు అంటుకుపోతాయి, మందంగా ఉన్న కమ్ములు నిలుస్తాయి. అంత సున్నితమైన అల్లికను పేలుడుతో తీర్చిదిద్దడం ఆశ్చర్యంగా ఉంటుంది. మంట ఎక్కువైతే కమ్ములు కాలిపోతాయి, తక్కువైతే పొరలు మిగిలిపోతాయి. ఆ కొలత కుదిరాక మిగిలేది నూటికి 97 వంతులు ఖాళీ. మనం డబ్బిచ్చి కొనేది ఆ ఖాళీనే.

ఖాళీ గాలిని ఎలా ఆపుతుందన్న ప్రశ్నకు జవాబు సీమ రైతుకు తెలుసు. చేను చుట్టూ గోడ కడితే గాలి గోడెక్కి అవతల సుడి తిరిగి పైరు మీద పడుతుంది. అదే సందులున్న కంప కంచె వేస్తే గాలి అందులోంచి దూరుతూ కొమ్మకొమ్మకూ బలం పోగొట్టుకుని నెమ్మదించి అవతలికి వస్తుంది. స్పాంజిలోని కమ్ములు కూడా అంతే. ఊపిరి లోపలికి వచ్చేకొద్దీ వంకర దారుల్లో చీలుతుంది, కమ్ములకు రాసుకుని వేగం చంపుకుంటుంది. గాలి ఎంత జోరుగా వస్తే కమ్ముల అడ్డు అంతకు మించి పెరుగుతుంది. శబ్దం తీరు వేరు. దాన్ని మోసే గాలి కదలిక సెకనుకు పావు మిల్లీమీటరు వేగంది, కమ్ములకు రాసుకున్నా పోయేది స్వల్పం. పైగా మాటలోని శబ్దం అల ఈ గళ్ళకన్నా చాలా పెద్దది. సెకనుకు వెయ్యిసార్లు కంపించే ధ్వని అల పొడవు 34 సెంటీమీటర్లు, గడి మిల్లీమీటరంత కూడా ఉండదు. అంత పెద్ద అలకు ఈ అల్లిక ఉన్నట్టే అనిపించదు.

రూపంలోనూ ఆలోచన ఉంది. గుండ్రటి బంతి మీద గాలి తగిలినప్పుడు ముందువైపు ఒత్తిడి పెరుగుతుంది, పక్కల తగ్గుతుంది. ఆ హెచ్చుతగ్గులు స్పాంజి లోపల కలిసి చాలావరకు ఒకదాన్నొకటి కొట్టేసుకుంటాయి. బంతి పెద్దదయ్యేకొద్దీ ఈ కలయికకు చోటు ఎక్కువ, పైతలం మీద పుట్టే సుడుల మోత మైకు పొరకు దూరం. బయట తిరిగి రికార్డు చేసేవాళ్ళు పెద్ద బంతులు వాడేది అందుకే. లోపలి గుంత మైకు తలకన్నా ఒక వెంట్రుకవాసి చిన్నదిగా ఉంటుంది, జిగురు లేకుండానే పట్టుకుంటుంది. మందం వల్ల ఇంకో మేలుంది. ఒక వైపునుంచే ఎక్కువగా వినే మైకులకు పెదవులు మరీ ఆనిస్తే గొంతులోని మంద్రధ్వని పెరుగుతుంది. స్పాంజి ఆ దూరాన్ని తానే కాపాడుతుంది, నోటి తడి కూడా మైకు పొరకు చేరదు.

మైకు తయారుచేసే పెద్ద సంస్థలు దీన్ని ఉపకరణంగా కాక మైకులో భాగంగానే చూశాయి. సభల్లో, కచేరీల్లో మనం చూసే ష్యూర్ సంస్థ మైకు ఎస్ఎం58 1966లో వచ్చింది. దాని ఇనుప జాలీ బంతిని విప్పితే లోపల పలుచటి ఫోము పొర కనిపిస్తుంది. స్పాంజి తొడగని మైకు అనుకుని పాడేవాళ్ళు కూడా నిజానికి స్పాంజిలోంచే పాడుతున్నారు. అదే సంస్థ 1973లో తెచ్చిన ఎస్ఎం7 మైకును చూడగానే మనకు కనిపించేది నల్లటి ఫోము తొడుగే. దాని తర్వాతి రూపమైన ఎస్ఎం7బి మైకుకు మామూలు తొడుగుతోపాటు ఇంకా మందమైన తొడుగు కూడా ఇస్తారు, నోటికి మరీ దగ్గరగా పెట్టుకుని మాట్లాడేవాళ్ళ కోసం.

స్పాంజి చేయలేని పనులు కూడా తెలుసుకోవాలి, అప్పుడే దాని విలువ సరిగ్గా తెలుస్తుంది. నేల మీద పరిచిన కడప బండ ఎంత చల్లగా ఉంటుందో శబ్దాన్ని అంత గట్టిగా తిప్పికొడుతుంది. ఆ ప్రతిధ్వనిని స్పాంజి తగ్గించలేదు. దానికి నేల మీద జంపఖానా, వెనక గోడకు దుప్పటి, పక్కన బట్టల బీరువా కావాలి. ఫ్యాను విసిరే గాలిని ఆపగలదు, ఫ్యాను మోతను ఆపలేదు. ఆషాఢంలో మిద్దె మీదికెక్కి మాట్లాడితే ఈ చిన్న బంతి చాలదు, దాని మీద బొచ్చు తొడుగు కూడా ఉండాలి. స, ష, చ లలో ఉండే సన్నటి పదును కొద్దిగా తగ్గుతుంది. మంచి ఫోముతో ఆ తగ్గుదల చెవికి ఆనదు. పొరలు పోని చవక ఫోముతో మాట దుప్పట్లోంచి వచ్చినట్టుంటుంది.

మంచిదాన్ని కనిపెట్టే పరీక్ష సులువు. స్పాంజిని పెదవులకు ఆనించి ఊదండి. ఊపిరి కొద్దిపాటి అడ్డుతో అవతలికి రావాలి. అసలు రాకపోతే పొరలు మిగిలాయని, అడ్డే లేకపోతే గళ్ళు మరీ పెద్దవని అర్థం. పక్కలా వెనకా రంధ్రాలున్న మైకుకు ఆ రంధ్రాల మీద టేపు చుట్టకూడదు, చేత్తో మూయకూడదు. అవి మూసుకుంటే వెనకవైపు శబ్దాన్ని వదిలేసే గుణం పోతుంది. స్పాంజి తొడిగాక కూడా మైకును నోటికి సూటిగా కాక కొంచెం పక్కకు, జానెడు దూరంలో ఉంచాలి. సీమ దుమ్ము గళ్ళలో చేరి మూసేస్తుంది, అప్పుడప్పుడూ గోరువెచ్చని సబ్బునీళ్ళలో నానబెట్టి, పిండకుండా ఒత్తి, నీడన పూర్తిగా ఆరాకే తొడగాలి. ఎండకు పాలియురేథేన్ పసుపెక్కి పొడిపొడిగా రాలుతుంది, ఆ పొడి మైకులోకి పోతుంది. వేలితో రుద్దితే పొడి అంటుకునే స్పాంజిని పారేసి కొత్తది తెచ్చుకోవాలి.

కొన్నాక ఒక పని చేయండి. భ, ఫ ఎక్కువగా ఉన్న వాక్యం ఒకటి రాసుకుని, స్పాంజి లేకుండా ఒకసారి, తొడిగి ఒకసారి చదివి, హెడ్‌ఫోను పెట్టుకుని వినండి. మొదటిదాంట్లో ఒత్తక్షరం వచ్చిన ప్రతిచోటా చెవి ఉలిక్కిపడుతుంది. రెండోదాంట్లో ఒత్తు ఒత్తుగానే ఉంటుంది, దెబ్బ ఉండదు. ఆ తేడా తెలిసినవాళ్ళు మహాప్రాణాలను భయపడి నమిలి మింగరు. నిండుగా పలుకుతారు. సీమ యాసలో కథ చెప్పేవాళ్ళకైనా, పద్యం ఎత్తే నటుడికైనా, పిల్లలకు పాఠం రికార్డు చేసే పంతులమ్మకైనా ఆ ధైర్యం ఇచ్చే వస్తువు ఇది. ఖరీదైన మైకు కోసం డబ్బు కూడబెట్టేలోగా ముందు ఒక మంచి స్పాంజి కొనండి. ఉన్న మైకులోనే మీ గొంతు ఎంత బాగుందో అప్పుడు తెలుస్తుంది.