పందిరి పడని పెళ్లి

హిందూపురం దాటి పదిహేను కిలోమీటర్లు. చింతచెట్లు, గుండ్రాళ్లు, ఎర్రమట్టి. లేపాక్షీ, నీ ఊరి మొదట్లోనే పచ్చిక తోటలో బసవన్న కూర్చుని ఎదురవుతాడు. 15 అడుగుల ఎత్తు, 27 అడుగుల పొడవు, ఒకే రాయి. మెడనిండా గంటల పేర్లు. వంగడానికే పుట్టిన జాతి కాదన్నట్టు ఎత్తిన మోర. "ముందు మా బసవన్నకు దండం పెట్టుకోండి సార్, తరవాతే గుడి" అంటాడు గైడు. అడివి బాపిరాజు కవి, చిత్రకారుడు కూడా. చూసి ఊరుకోలేక నీ బసవన్న మీద పాటే కట్టాడు. నాకు పాట రాదు. ఈ నాలుగు మాటలే నా ఆకూ వక్కా.

తాబేటి వీపులాంటి గుట్ట, పేరూ కూర్మశైలమే. అచ్యుతదేవరాయల ఏలుబడిలో, 16వ శతాబ్దంలో, విరూపణ్ణ, వీరణ్ణ అనే అన్నదమ్ములు ఆ వీపు మీద వీరభద్రుణ్ణి నిలిపారు. రెక్కలు తెగిన జటాయువును రాముడు "లే, పక్షీ" అన్నాడు కనుక నీకీ పేరు వచ్చిందంటారు. వ్యాకరణం ఒప్పుకుంటుందో లేదో, చెవి మాత్రం ఒప్పుకుంటుంది.

నాట్యమంటపంలో రంభ ఆడుతోంది, తుంబురుడు వీణ మీటుతున్నాడు, మూడుకాళ్ల భృంగి అడుగు వేస్తున్నాడు. కానీ జనమంతా వేలాడే స్తంభం దగ్గరే. కండువా ఒకవైపు దూర్చి మరోవైపు లాగడం, సెల్‌ఫోను ముందుకు చాపడం. స్తంభమా, నిన్ను తక్కువ చేయను. అయితే నీ కింద వంగినవాళ్లలో సగంమంది తలెత్తి పైకప్పు చూడకుండానే వెళ్లిపోతారు. నా గొడవ అదే.

పైకప్పు! మెడ పట్టేసినా సరే, చూడాల్సింది నిన్ను. సున్నపు పూత మీద కావి ఎరుపు, పసుపు, ఆకుపచ్చ, నల్లటి గీత. పక్కకు తిరిగిన ముఖాలు, సూటి ముక్కులు, చెవుల దాకా సాగిన కళ్లు. ఒక అడవిపందికి తగిలిన బాణం నాదంటే నాదని అర్జునుడూ కిరాతుడూ. రథం కింద దూడను పోగొట్టుకుని చోళరాజు ముంగిట న్యాయమడుగుతున్న ఆవు. పొడుగాటి కుళ్లాయిలు పెట్టుకుని అన్నదమ్ములిద్దరూ స్వామి ముందు చేతులు చాచారు. గుడి కట్టించినవారు కూడా ప్రసాదానికి వరుసలో నిలబడాల్సిందే. ఇక పార్వతీ కల్యాణం. చీరల అంచులు చూడండి, కొప్పులు చూడండి. అక్కడక్కడ రంగు రాలి పెళ్లివారి ముఖాలు చెదిరాయి. అయినా ఆ పెళ్లి పూర్తయింది.

బయటికొస్తే ఏడు పడగల నాగలింగం. తల్లి వంట ముగించేలోపు శిల్పులు చెక్కేశారని కథ. ఏం వండిందో ఎవరూ చెప్పరు. సీమ వంటిల్లు కదా, రాగిసంగటే అయితే పాపం వాళ్లకు దొరికిన పొద్దు బహు తక్కువ. లతామంటపంలో స్తంభానికో తీగ, పక్కకో పువ్వు. ఆ అల్లికలు ధర్మవరం మగ్గాల మీదికెక్కి పట్టుచీరల అంచులయ్యాయి. రాయి చీరైంది, చీర పెళ్లికి పోయింది.

చివరికి కల్యాణమంటపం. గైడు గొంతు తగ్గుతుంది. ఖజానా సొమ్ము గుడికి పోశాడని రాజుకు కోపం వచ్చిందట. రాజభటుల కంటే ముందే విరూపణ్ణ తన కళ్లు తానే పీకి గోడకు విసిరాడట. ఎర్రటి మరకలు రెండు చూపిస్తాడు. నమ్మడం, నమ్మకపోవడం మన ఇష్టం. పని ఆగిపోయిన మాట మాత్రం కళ్లెదుటే ఉంది. స్తంభాలు లేచాయి, కప్పు లేదు. శివపార్వతుల పెళ్లికి దేవతలూ మునులూ రాతి నగలు పెట్టుకుని తలో స్తంభం దగ్గరా నిలబడ్డారు. చుట్టాలందరూ వచ్చేశారు, పందిరే పడలేదు.

చినుకు మొదలైంది. మేమందరం చెప్పులు చేతపట్టుకుని నాట్యమంటపం కిందికి పరిగెత్తాం. పెళ్లివారు మాత్రం కదల్లేదు.