కాలింగ్‌వుడ్ ఇంటి ఉత్తరాలు

ఇంటి ఉత్తరాలను సాహిత్యంగా చదవడం మన విమర్శకు అంతగా అలవాటు లేదు. చదివినా, రాసినాయన ఎంత మంచి భర్తో చెప్పి ఊరుకుంటాం. బ్రిటిష్ నౌకా సేనాని కథ్‌బర్ట్ కాలింగ్‌వుడ్ (1748–1810) భార్య సారాకు రాసిన లేఖల గతీ ఇంతే. 1828లో అల్లుడు వాటిని ఆయన అధికార లేఖలతో కలిపి అచ్చువేశాడు. అప్పటినుంచీ అవి ఒక సచ్ఛీలుడి పటానికి చట్రంగానే ఉపయోగపడుతున్నాయి.

1805 అక్టోబరు 21న ట్రఫాల్గర్ యుద్ధంలో నెల్సన్ మరణించగా నౌకాదళ బాధ్యత ఈయన మీద పడింది. 1803లో విడిచిన ఇల్లు మళ్ళీ చూడలేదు. విశ్రాంతి కోరినా ప్రభుత్వం వదలలేదు. 1806 జూన్ 16 ఆయన పెళ్ళిరోజు. ఆనాటి లేఖలో, మోర్పెత్‌లోని ఇంటి దగ్గర తాను నాటిన చెట్లు ఎలా ఉన్నాయని అడుగుతాడు. మూడు ఓక్ చెట్ల కింద వేసవిలో కూర్చునేంత నీడ ఉందా? గట్టు గోడ నిలిచిందా? అలంకారం ఒక్కటీ లేదు. బెంగ అంతా ప్రశ్నల్లోనే ఉంది. తేదీ ఎక్కడ వేయాలో, 'ఇట్లు' ఎక్కడ రాయాలో చెప్పి అదే లేఖారచన అనుకునే మాబోటి పంతుళ్ళు చదవవలసిన ఉత్తరం.

అయితే ఇక్కడే ఆగితే మిగిలేది ఉత్త భావుకత. సెలవుమీద ఇంటికి వచ్చినప్పుడు ఈయన జేబులో ఓక్ గింజలు వేసుకుని తిరుగుతూ అనువైన చోటల్లా నాటేవాడు. రేపటి యుద్ధనావలకు కలప కావాలని! ఓక్ నీడ ఆయనకు ఇంటి సుఖం. ఓక్ కలప సామ్రాజ్యానికి అవసరం. తనను ఇంటికి దూరం చేసిన నావలకే ఆయన మొక్కలు పెంచాడు. ఈ వైరుధ్యం ఆయనకు కనిపించదు, మనకు కనిపించాలి. కొరడా శిక్షలను వీలైనంత తగ్గించిన అధికారి అన్నమాట నిజమే. కాని ఆనాటి నావికుల్లో ఎందరో రేవుల్లో బలవంతంగా పట్టి తెచ్చినవాళ్ళు. వాళ్ళకూ ఇళ్ళున్నాయి. సేనాని ఎడబాటు గ్రంథమయింది, వాళ్ళది కాలేదు.

మరో లేఖలో, పింఛన్లు కావలసినవాళ్ళు దేవురించుకోనీ, తాను డబ్బు లేకుండానే ధనవంతుణ్ణంటాడు. పార్లమెంటు ఆయనకు ఏటా 2,000 పౌన్ల పింఛను ఇచ్చింది. దీన్ని కపటం అనను, వర్గానికి సహజమైన మరుపు అంటాను.

కూతుళ్ళ చదువు దగ్గర మాత్రం ఈ మనిషి తన కాలాన్ని దాటాడు. రేఖాగణితం నేర్పాలంటాడు. నిజానికీ నిజంలా కనిపించేదానికీ తేడా తెలియజెప్పడంలో దాన్ని మించిన శాస్త్రం లేదని ఆయన నమ్మకం. తన బిరుదు కూతుళ్ళకు దక్కాలని కోరితే ప్రభుత్వం ఒప్పుకోలేదు. కొడుకులు లేరు కనుక, 1810 మార్చి 7న మినార్కా సమీపంలో నావమీదే ఆయన కన్నుమూయడంతో బిరుదూ పోయింది.

సారా గొంతును ఈ ప్రశ్నల వెనుకనే వినాలి. ఇల్లు, తోట, ఖర్చు, ఇద్దరు ఆడపిల్లల చదువు ఇన్నేళ్ళూ నడిపినది ఆమె. ఇవి ఆమెకు అందిన ఆదేశాలుగా చదివితే, మనం ఇంతకాలం మెచ్చుకున్న సున్నితమైన వాక్యాలు కొన్ని కటువుగానే వినిపిస్తాయి.