గంట మోత, గుండె చప్పుడు

పోయిన శనివారం మా ఊరి సింఫనీ వారు ఆర్వో పార్ట్ ‘కాంటస్’నూ (1977), మాలర్ తొమ్మిదో సింఫనీనీ ఒకే సాయంత్రం వాయించారు. మనవాళ్లం నాలుగైదు కుటుంబాలు వెళ్లాం.

‘కాంటస్’ బెంజమిన్ బ్రిటన్ మరణానికి నివాళి. తీగవాద్యాలు, ఒక గంట, అంతే. స్వరాలు మన నటభైరవివే. అవరోహణ తప్ప ఆరోహణ లేదు. మొదటి వయొలిన్లు దిగే మెట్లనే తక్కినవి ఒక్కో స్థాయి కిందుగా, అంతకంతకూ సగం వేగంతో దిగుతాయి. త్రికాలం ఎరిగినవారికి ఈ లెక్క కొత్త కాదు. చివర తీగలు ఆగాక గంట మోతలోంచి లీలగా అంతర గాంధారం పలుకుతుంది. టికెట్టు డబ్బు అక్కడికే చెల్లు. ఆ మోత అణగకముందే చప్పట్లు కొట్టినవారిని ఏమనాలి!

మాలర్ సంగతి వేరు. 1907లో గుండె కవాటాల జబ్బన్నారు, 1909లో ఇది రాశారు, 1911లో పోయారు. కనుక మొదట్లో తడబడే లయ ఆయన గుండె తడబాటేనని 1973లో బెర్న్‌స్టైన్ అన్నారు. విరామంలో మన డాక్టర్లదీ అదే పాట. నాకు నచ్చదు. రాసిన ఆ ఏడే న్యూయార్క్ ఫిల్‌హార్మోనిక్ బాధ్యత నెత్తికెత్తుకున్న మనిషాయన. చివరికి ప్రాణం తీసింది కవాటానికి పట్టిన స్ట్రెప్టోకాకస్. అప్పటికి పెన్సిలిన్ లేదు. కేసుషీటు చదివినట్టు వింటే రెండో భాగంలోని మోటు పల్లెనాట్యం, మూడోదాంట్లో వెటకారం చెవిన పడవు.

మా కండక్టరు గారూ కేసుషీటే చదివారు. పల్లెనాట్యాన్ని కూడా సంతాపసభలా నడిపేసరికి, చివరి అడాజియోకి దుఃఖం ముందే ఖర్చయిపోయింది. ఆఖరి పేజీలో మాత్రం, మ్యూట్లు పెట్టుకున్న వయొలిన్లు వినీవినపడకుండా వాయిస్తుంటే, ఆయన చేతులు దించి వాళ్లకే వదిలేశారు. అంతసేపూ ఆ నిగ్రహాన్ని ఎక్కడ దాచుకున్నారో!