బెట్టను జయించే జన్యువు ఉన్నదా?

వరిలో బెట్టను తట్టుకొనే జన్యువు దొరికినదని పత్రికలలో తరచు వార్తలు వస్తుంటవి. ఇందులో నిజమెంతో తెలియవలెనంటే ఒక పరిశోధనను నిదానించి చూడవలెను. జపాను శాస్త్రజ్ఞుడు యుసాకు ఉగా, ఆయన సహచరులు 2013లో ‘నేచర్ జెనెటిక్స్’లో ప్రకటించిన వ్యాసం అందుకు తగినది. వ్యాసం మేలైనది, దానిని గూర్చి వ్యాపించిన మాటయే సరిదిద్దవలసినది.

ఐ.ఆర్. 64 ప్రసిద్ధమైన మాగాణి వరి. దాని వేళ్ళు నేల పైపొరలోనే పరచుకొంటవి. ఫిలిప్పైన్సు మెట్టవరి కినాండాంగ్ పతాంగ్ వేళ్ళు నిలువుగా లోతుకు దిగుతవి. ఈ రెండింటి సంతతిని వల బుట్టలలో పెంచి, అడుగు నుండి ఎన్ని వేళ్ళు దిగినవో, ప్రక్కల నుండి ఎన్ని వచ్చినవో లెక్కపెట్టినారు. ఈ భేదానికి ముఖ్యకారణమైన జన్యువు తొమ్మిదవ క్రోమోజోముపై దొరికినది. దాని పేరు డి.ఆర్.ఓ.1. ఐ.ఆర్. 64లో ఈ జన్యువున ఒకే ఒక అక్షరం లోపించినది. అందువలన ప్రోటీను నిర్మాణం మధ్యలోనే ఆగిపోతున్నది. వేరు కొన భూమ్యాకర్షణకు లోబడి క్రిందికి వంగుటకు ఆ ప్రోటీనే తోడ్పడుతుంది.

పరిశోధకులు ఇంతటితో ఆగలేదు. తక్కిన లక్షణాలన్నీ దాదాపు ఐ.ఆర్. 64వే ఉంచి, ఈ ఒక్క భాగాన్ని మార్చి, పొలంలో పండించి చూచినారు. నీరు సమృద్ధిగా ఉన్నప్పుడు దిగుబడి తగ్గలేదు. తీవ్రమైన బెట్టలో ఐ.ఆర్. 64కు గింజలు దాదాపు లేకపోగా, మార్చిన వరి కొంత పంటనిచ్చినది. ప్రయోగశాలలోని ఫలితాన్ని పొలంలో నిరూపించుట ఈ వ్యాసానికి గల గొప్పతనం.

అయితే డి.ఆర్.ఓ.1 నీటిని సృష్టించదు. వేరుకు దిక్కు మాత్రమే చూపుతుంది. అడుగున తేమ ఉంటేనే లోతుకు దిగిన వేరుకు ప్రయోజనం. పలుచని నేలలోను, ఏటేటా దమ్ము చేయగా అడుగున గట్టిపొర ఏర్పడిన మడిలోను ఆ మేలు అంతగా కలుగదు. 2020లో ప్రకటితమైన మరొక పరిశోధన ఈ విషయాన్ని ఇంకా స్పష్టం చేసినది. ఉప్పు మళ్ళలో ఈ జన్యువు జ్ఞాతి ఒకటి పనిచేయక వేళ్ళు పైపైననే పరచుకొన్న వరికే దిగుబడి హెచ్చినది. గాలి అందని అడుగు నేలను ఆ వేళ్ళు తప్పించుకొన్నవి. ఒకచోట గుణమైనది మరొకచోట లోపమగుచున్నది.

హైదరాబాదులోని వరి పరిశోధన సంస్థ ద్వారా 2014లో విడుదలైన డి.ఆర్.ఆర్. ధాన్ 42 మరొక మార్గాన్ని చూపినది. అదే ఐ.ఆర్. 64లో, బెట్టలో వచ్చిన దిగుబడినే కొలతగా పెట్టి గుర్తించిన రెండు క్రోమోజోము భాగాలను చేర్చినారు. ఆ భాగాలలోని ప్రతి జన్యువు పని తేలేదాక రైతు వేచియుండనక్కరలేకపోయినది. కాని కారణం తెలియనిదే ఆ గుణం ఏ నేలలో చెల్లునో ముందుగా చెప్పలేము. కనుక రెండు మార్గాలూ అవసరమే.

ఇకమీదట ఇటువంటి వార్త చదివిన విద్యార్థి మూడు ప్రశ్నలు వేయవలెను: ఏ నేలలో? పైరు ఏ దశలో? దేనితో పోల్చి? వీటికి జవాబు లేని జన్యువు పేరు ఎంత ఘనమైనదైనా, ఎండుతున్న చేనికి అది నీడ కూడా కాదు.