గడిలో వంటిల్లు ఎక్కడ?

ఏ ఇంటికి వెళ్ళినా మగవాళ్ళు ముందు సింహద్వారం చూస్తారు, మనం వంటింట్లోకి తొంగి చూస్తాం. దోమకొండ గడికి వెళ్ళినప్పుడు కూడా నా బుద్ధి మారలేదు. మావారు కోటగోడ ఎత్తు అంచనా కడుతుంటే, నేను పొయ్యి ఎక్కడ వెలిగించేవారా అని వెతుకుతున్నాను.

దోమకొండ 2016 దాకా మా నిజామాబాదు జిల్లాలోదే. ఇప్పుడు కామారెడ్డి జిల్లాకు పోయింది. కామినేని వారి సంస్థానం. పాడుబడ్డ ఆ గడిని సొంత డబ్బుతో బాగుచేయించుకున్నందుకు 2022లో యునెస్కో బహుమతి కూడా వచ్చింది. బోధన్ నుంచి వెళ్ళిన మాకు ఇది చిన్న సంగతి కాదు. 1937లో పెట్టిన చక్కెర ఫ్యాక్టరీ 2015లో మూతపడ్డాక, మూసిన తలుపుల్ని చూడడం అలవాటైపోయినవాళ్ళం. తెరిచిన తలుపంటే ఎవరిదైనా సరే ముచ్చటేస్తుంది.

బయటినుంచి చూస్తే అది యుద్ధం కోసం కట్టింది. చుట్టూ కందకం, తూర్పున ఒకటీ పడమర ఒకటీ పెద్ద దర్వాజాలు, భుజాలు ఎగరేసినట్టు బురుజులు. సరే, ఇంత కోపం ఉన్న ఇల్లు లోపల ఎలా ఉంటుందో అని భయపడుతూ వెళ్ళానా, లోపల అంతా వేరు. గుండ్రటి స్తంభాలు, అంచులకు రేకులు తీర్చిన కమానులు, సున్నంతో పోసిన లతలూ పూలూ, ముంగిట్లో నీళ్ళ కొలను. హైదరాబాదు నవాబుల అభిరుచి పల్లెటూరి దాకా ఎలా నడిచి వచ్చిందో ఆ కమానులు చెబుతాయి. కోటలోనే మహాదేవుడి గుడి ఉంది, కాకతీయుల పద్ధతిలో. రాతికి రాయే అందం దానికి, పైపూత అక్కర్లేదు. మేడ సంగతి అట్లా కాదు. దాని అందమంతా పైనున్న సున్నంలోనే ఉంది. ఒక్క వాన లోపలికి దిగిందా, లతలు రాలిపోతాయి.

ఆ సున్నం గురించి ఒక్కమాట చెప్పక తప్పదు. మన పాత మేస్త్రీలు సున్నాన్ని గానుగలో రోజుల తరబడి తిప్పి, కరక్కాయ నానేసిన నీళ్ళు, బెల్లం నీళ్ళు కలిపేవారు. మా వైపు చెరుకు గోడల్లోకి కూడా ఎక్కిందన్నమాట! సిమెంటు గట్టిది కదా, దాంతో పూసేస్తే పోలా అంటారు కొందరు. వేడివేడి రొట్టెల్ని స్టీలు డబ్బాలో పెట్టి మూత బిగించి చూడండి. కాసేపటికి చెమట పట్టి అడుగువి మెత్తబడిపోతాయి. గుడ్డలో చుట్టి బుట్టలో పెడితే బాగుంటాయి. పాత గోడకు సున్నం గుడ్డ, సిమెంటు డబ్బా మూత. లోపలి తేమ బయటికి పోయే దారి ఉండాలి. పాత గుళ్ళకీ ఇళ్ళకీ సిమెంటు మెత్తి, పైన ఆయిల్ పెయింటు వేసి మురిసిపోయేవాళ్ళకు ఈ రొట్టెల సంగతి ఎవరైనా చెప్తే బాగుండును.

ఇప్పుడు పాత కోటలు హోటళ్ళవుతున్న కాలం. మన ఫలక్‌నుమా 2010లో అయింది. సీమలో, వేల్స్ అనే చోట, పోర్ట్‌మెరియన్ అని ఒక హోటలు ఊరే ఉంది. క్లఫ్ విలియమ్స్ ఎల్లిస్ అనే ఆయన 1926లో హోటలు తెరిచి, మరో యాభై ఏళ్ళు కడుతూనే పోయాడు. ఎక్కడ పాత కట్టడం కూలుస్తున్నారన్నా పరిగెత్తి, బ్రిస్టల్ నుంచి ఒక స్తంభాల వరస, ఎమ్రాల్ హాలు నుంచి ఒక పైకప్పు మోసుకొచ్చాడు. పాతచీరల అంచులన్నీ కలిపి బొంత కుట్టినట్టు. బొంత బాగుంటుంది. ఏ అంచు ఏ చీరదో ఎవరూ అడగరు.

గడిని మాత్రం అడగాలి. అది పుట్టినచోటే ఉంది, దాని జ్ఞాపకాలూ అక్కడే ఉన్నాయి. ఈ ఒక్క గడి అని కాదు. తెలంగాణలో గడి అన్న మాట వింటే చేతికి చెప్పులు తీసుకుని నడిచిన మనిషీ, కూలి లేని వెట్టీ గుర్తొస్తాయి. 1946 నుంచి 1951 దాకా సాగిన రైతాంగ పోరాటం ఊరికే వచ్చిందా? బాగుచేసిన కమాను కింద నిలబడితే అతిథి నడిచిన దారి కళ్ళకు కడుతుంది. దర్వాజా, ముంగిలి, మేడ. బిందెతో వచ్చినదాని దారి, జొన్నలు విసిరినదాని మూల మనమే ఊహించుకోవాలి. పరిరక్షణ చేసేవాళ్ళు లతలకు పట్టిన ఓపికలో వీసమెత్తు ఆ దారులకు పట్టినా చాలు. ఒక తిరగలి పెట్టి, ఇక్కడ ఇంతమంది ఆడవాళ్ళు పని చేశారు అని రాసిన పలక ఏ గడిలో ఉన్నా దాని అందం తగ్గదు. నాలాంటివాళ్ళు రెండోసారి కూడా వెళ్తారు.

ఇదంతా మావారితో అన్నాను. "బాగుచేసిందే గొప్ప, ఇంకా వంకలా?" అన్నారు. గొప్పే. కాదని నేనెక్కడన్నాను?

మా అత్తగారు మాత్రం ఈ వాదన ఏదీ వినలేదు. కొలను గట్టు మీద కూర్చుని, కొంగుతో మెడ తుడుచుకుంటూ, నీళ్ళ వైపే చూస్తున్నారు.

"గీ హౌజు నిండాల్నంటే ఎన్ని బిందెలు పట్టేనో బిడ్డా! ఎవలు మోసిండ్రో, ఏమో" అన్నారు.